విశాఖలో గది: సముద్రం చూసి కాదు, బస్టాండు చూసి తీసుకో

చిరంజీవి కిరణ్‌కి, మావయ్య ఆశీస్సులు.

డిసెంబరులో అమ్మనీ అమ్మాయినీ తీసుకుని మూడు రోజులు విశాఖ వస్తానన్నావు, సంతోషం. హోటల్లో దిగుతామనేసరికి మీ అత్త మూతి ముడుచుకుంది కానీ, నాకు మాత్రం నువ్వన్నదే సబబనిపించింది. పెందుర్తిలో మా ఇంట్లో ఉండి రోజూ బీచ్‌కి వెళ్లిరావాలంటే సగం రోజు రోడ్డు మీదే అయిపోతుంది.

నువ్వు పంపిన మూడు హోటళ్లూ చూశాను. మూడింటి కిందా విశాఖపట్నం అనే ఉంది. అబద్ధం కాదు, అనకాపల్లి నుంచి భీమిలి దాకా అంతా గ్రేటర్ విశాఖే మరి. కానీ మొదటిది కూర్మన్నపాలెంలో, స్టీల్ ప్లాంట్ పక్కన. రెండోది మధురవాడ హైవే మీద. మూడోది రుషికొండ. గది తెరవగానే సముద్రం కనిపిస్తుంది, బాగానే ఉంటుంది. కానీ రాత్రి తొమ్మిదికి అమ్మకి ఏ మాత్రో కావాల్సివస్తే ఏం చేస్తావు? ఊళ్లోకి ఆటో మాట్లాడుకుని వెళ్లి రావడంలోనే గదిలో మిగిల్చిన డబ్బు కాస్తా పోతుంది.

నా మాట విని ఆర్టీసీ కాంప్లెక్స్, అదే మన ఊరి బస్టాండు, చుట్టూ వెతుకు. ద్వారకానగర్, ఆశీలుమెట్ట, డాబాగార్డెన్స్, జగదాంబ జంక్షన్. ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. రైల్వేస్టేషన్ ఒకపక్క, ఆర్కే బీచ్ ఇంకోపక్క, రెండూ ఆటోలో దగ్గరే. కాంప్లెక్స్‌లో 28 ఎక్కితే సింహాచలం, 900కె ఎక్కితే రుషికొండ మీదుగా భీమిలి. అమ్మ ఆధార్ ఇంకా విజయనగరం అడ్రసుతోనే ఉందిగా, ఆంధ్రా ఆడవాళ్లకి సిటీ బస్సులు ఉచితం కాబట్టి ఆవిడ టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, కార్డు పట్టుకురమ్మను. మీ ఇద్దరివీ హైదరాబాద్ అడ్రసులు, మీరు కొనుక్కోవాల్సిందే.

బీచ్ రోడ్డు మీది గదికి రేటు ఎందుకు ఎక్కువో తెలుసుగా, కిటికీకి. ఆ కిటికీ దగ్గర మీరెంతసేపు కూర్చుంటారు? సాయంత్రం ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తినడానికి హోటల్ అక్కడే ఉండనక్కర్లేదు. డాబాగార్డెన్స్ వైపు రెండు వేల లోపు ముగ్గురికి సరిపడే ఏసీ గది దొరుకుతుంది. సరుకు మాత్రం చూసి తీసుకోవాలి.

యాప్‌లో రేటు చూడు, కానీ అక్కడే డబ్బు కట్టెయ్యకు. హోటల్‌కి ఫోన్ చెయ్యి. ముందు చెకౌట్ పద్ధతి అడుగు. ఇక్కడ లాడ్జీల్లో రెండు రకాలున్నాయి. కొన్నిచోట్ల ఇరవై నాలుగు గంటల లెక్క, నువ్వు పొద్దున్న ఏడింటికి దిగితే మర్నాడు ఏడింటిదాకా గది నీది. కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండు లెక్క. రాత్రి రైలెక్కి తెల్లారి దిగేవాడికి ఈ రెండోది పెద్ద తలనొప్పి. పన్నెండు దాకా లాబీలో సోఫా మీద కూర్చోబెడతారు, లేదంటే పొద్దున్నే గది ఇచ్చి ఒక పూట అదనంగా వేస్తారు. ఇరవై నాలుగు గంటలదే చూడు. వెళ్లే రోజు రైలు రాత్రి కాబట్టి, గది ఖాళీ చేశాక సామాను రిసెప్షన్‌లో ఉంచుకుంటారా అని కూడా అప్పుడే అడిగెయ్యి.

చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందో లేదో అడుగు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదులకి అది 5 శాతమే. ఇంకా పన్నెండని ఎవరైనా అంటే బిల్లు చూపించమను. మూడో మనిషికి వేసే పరుపుకి ఎంతో, లిఫ్ట్ ఉందో లేదో కూడా కనుక్కో. అమ్మ మోకాళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. బ్రేక్‌ఫాస్ట్ కలిపామంటూ రేటు పెంచితే వద్దను. ద్వారకానగర్‌లో టిఫిన్‌కి కరువా!

డబ్బు కట్టే ముందు గది చూడు. ఫొటోలు హోటల్ కొత్తగా కట్టినప్పుడు తీసినవి. మన ఊరి గాలికి ఉప్పెక్కువ, ఇనుము నిలవదు. కిటికీ గడియ తుప్పుపట్టి కదలకపోతే ఆ గదిని పట్టించుకునేవాళ్లు లేరన్నమాట. కిటికీ తెరిస్తే గాలి వస్తోందా, పక్క బిల్డింగ్ గోడ ఎదురొస్తోందా చూడు. ఏసీ వేసి, బాత్రూంలో గీజర్ స్విచ్ నొక్కి, రెండు నిమిషాలు అక్కడే నిలబడు. కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ. ముక్కిన వాసన వస్తే ఇంకో గది చూపించమను. కాంప్లెక్స్ దగ్గర రోడ్డు వైపు గది తీసుకుంటే తెల్లవారుజాము నుంచే హారన్లు. వెనక వైపుది అడుగు.

రైలు టికెట్ తీసేటప్పుడు ఒకటి గమనించు. కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కి రాకుండా ఊరికి దూరంగా ఉన్న దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. ముసలావిడతో, సామానుతో దువ్వాడలో దిగడం ఎందుకు? అరకు వెళ్లే ఆలోచన ఉంటే కిరండూల్ పాసింజర్ పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది, ముందు రాత్రి నుంచే ఆటో మాట్లాడి పెట్టుకోండి. కన్ఫర్మ్ టికెట్ ఉంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూమ్ కూడా ప్రయత్నించొచ్చు, చవక. కాకపోతే సులువుగా దొరకదు.

డిసెంబరు 4 నేవీ డే. ఆర్కే బీచ్‌లో విన్యాసాలుంటే ఆ చుట్టుపక్కల గది దొరకడం కష్టం, దొరికినా రేటు ఆకాశంలో ఉంటుంది. అరకు సీజన్ కూడా అదే కాబట్టి నెలాఖరు సెలవుల జోలికి పోకుండా నెల మధ్యలో పనిరోజులు చూసుకో. పనిదినాల్లో బేరమాడితే తగ్గిస్తారు కూడా. సోమవారం మాత్రం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, జూ రెండూ మూసేస్తారు, ఆ రోజు సింహాచలానికి పెట్టుకోండి.

ముగ్గురివీ ఒరిజినల్ ఆధార్‌లు తెచ్చుకోండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కొందరు ఒప్పుకోరు.

హోటల్ పేరు నాకు పంపు, కాంప్లెక్స్ వైపు వచ్చినప్పుడు వెళ్లి గది చూసి చెబుతాను. ఒక పూట మాత్రం పెందుర్తిలో భోజనం, అది మీ అత్త షరతు. వంకాయ కూరా, పులుసూ అంటోంది. ఏ రోజు వస్తారో ముందే ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీ మావయ్య