టెక్ సందేహాలు: రామన్ మెషిన్ ‘పాస్’ అనేస్తే సరిపోతుందా?

లేజర్ వేసి, చెదిరి తిరిగొచ్చే కాంతిని బట్టి అది ఏ పదార్థమో చెప్పేవి రామన్ స్పెక్ట్రోమీటర్లు. చేత్తో పట్టుకుని వాడే ఈ మెషిన్ల మీద కొంతకాలంగా ఒకటే ఫిర్యాదు: ‘మెషిన్ తప్పు చెబుతోంది’. ఉత్తరాలు పూర్తిగా చదివితే తేలేది వేరు. స్క్రీన్ మీద పచ్చగా ‘పాస్’, పక్కన ఒక శాతం కనపడగానే చూడటం ఆపేస్తున్నారు. కింద ఉన్న గ్రాఫ్‌ను తెరిచేవాళ్లే లేరు. తెరవాలన్న ఆలోచన కూడా రాకుండా దాన్ని నాలుగు మెనూల వెనక దాచిన డిజైనర్లకూ ఈ తప్పులో వాటా ఉంది.

ప్రశ్న: మాది ప్లాస్టిక్ స్క్రాప్ యూనిట్. తెల్ల డబ్బాలు, రంగు డబ్బాలు ఏ ప్లాస్టిక్కో మెషిన్ ఠక్కున చెప్పేస్తుంది. నల్లవాటికి మాత్రం ‘నో మ్యాచ్’. ఓసారి ముక్క కరిగింది కూడా. రిపేరుకు పంపాలా?

జవాబు: అక్కర్లేదు. నల్లరంగు కోసం కలిపే కార్బన్ బ్లాక్ లేజర్‌ను పీల్చేసుకుని వేడెక్కుతుంది. రామన్ సిగ్నల్ అసలే అత్యల్పం, దాదాపు కోటి ఫోటాన్లు పడితే పనికొచ్చేది ఒకటి తిరిగొస్తుంది. పవర్ పెంచితే ముక్క కాలుతుందే తప్ప జవాబు రాదు. నల్ల ప్లాస్టిక్‌కు ఎఫ్‌టీఐఆర్ అనే ఇన్‌ఫ్రారెడ్ కాంతి పరీక్ష చాలావరకు పనికొస్తుంది. ఏమిటో తెలియని ముదురురంగు పొడి మీద మాత్రం ఈ లేజర్ పెట్టకండి. పేలుడు పదార్థమైతే అంటుకుంటుంది. 785 నానోమీటర్ల లేజర్ కంటికి కనపడీ కనపడనట్టు ఉంటుంది, 1064 అసలే కనపడదు. రెప్ప వేసేలోపే దెబ్బ తగులుతుంది, ఆ లేజర్‌ను ఆపే కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: కడప వైపు జియాలజీ చదువుతున్నాను. ఒకే తెల్లరాయిని ఒకసారి కాల్సైట్ అంది, ఇంకోసారి ఆరగొనైట్ అంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ కాల్షియం కార్బొనేటే కదమ్మా, గ్రాఫ్‌లో పైకి లేచే పెద్ద పీక్ (శిఖరం) రెండింటికీ 1085 వేవ్‌నంబర్ల (గ్రాఫ్ అడ్డగీత మీది కొలత) దగ్గరే వస్తుంది. తేడా చిన్న పీకుల్లో ఉంది. 281, 712 దగ్గర కనిపిస్తే కాల్సైట్. 206, 705 ప్రాంతంలో అయితే ఆరగొనైట్. కొన్ని చేతి మెషిన్లు 250 కింద చూడలేవు, అలాంటప్పుడు 206 ఉన్నా దొరకదు. కొలిచే ముందు సిలికాన్ ముక్క పెట్టి పీక్ 520.5 దగ్గర వస్తోందో లేదో చూసుకోండి. మీ మంగంపేట ముగ్గురాయి(బెరైటీస్)తో ఈ తంటా లేదు, 988 దగ్గర పొడుగాటి పీక్ వస్తుంది.

ప్రశ్న: ఫార్మా యూనిట్ స్టోర్స్‌లో చేస్తాను. గ్లిజరిన్ డ్రమ్ములకు 98 శాతం మ్యాచ్ వస్తోంది. అది చాలదా? మాకు మెషిన్‌తో ఇబ్బందేమీ లేదు, అందరం ఒకే లాగిన్ వాడతాం.

జవాబు: నాకు టెన్షన్ పెట్టింది మీ ఆఖరి మాట.

ముందు శాతం సంగతి. డ్రమ్ములో 98 శాతం గ్లిజరిన్ ఉందని దానర్థం కాదు. మెషిన్ లైబ్రరీలో రిఫరెన్స్‌గా దాచిన గ్లిజరిన్ గ్రాఫ్‌కూ మీరు తీసిన గ్రాఫ్‌కూ ఉన్న పోలిక, అంతే. డ్రమ్ము నిండా గ్లిజరిన్ బదులు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషమే ఉంటే రామన్ పట్టేస్తుంది. కొద్దిగా కలిస్తే పట్టలేదు. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) దానికి పెట్టిన పరిమితి 0.1 శాతం, చేతి మెషిన్‌కు ఒక శాతం దొరకడమే గగనం. గాంబియాలో పిల్లల మరణాల తర్వాత 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది ఈ కల్తీ ఉన్న సిరప్‌ల గురించే. కొద్దిపాటి కల్తీని కూడా విడదీసి పట్టే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష మానేయడానికి వీల్లేదు.

ఇక లాగిన్. అది అడ్మిన్ లాగిన్ అయితే ‘రిఫరెన్స్‌గా సేవ్ చెయ్’ బటన్ స్టోర్స్‌లో అందరి చేతిలోనూ ఉన్నట్టే. షిఫ్టు దిగే వేళ ఒక డ్రమ్ము ఫెయిలయిందనుకోండి. లారీ బయట ఆగి ఉంది, సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్. ఎవరో ఆ డ్రమ్మునే స్కాన్ చేసి గ్లిజరిన్ పేరుతో రిఫరెన్స్‌గా దాచేశారు. మళ్లీ స్కాన్ చేస్తే 99 శాతం, పాస్. అక్కడినుంచి అలాంటి డ్రమ్ము ఎప్పుడొచ్చినా పాసే. ఎవరు చేశారని ఆడిట్ ట్రైల్ (మెషిన్ రాసుకునే చిట్టా) తెరిస్తే అన్ని వరుసల్లోనూ ఒకటే యూజర్ పేరు. దీనికి బయటి హ్యాకరు ఎవరూ రానక్కర్లేదు. మనిషికో లాగిన్ ఇవ్వండి. రిఫరెన్స్ మార్చే అధికారం క్వాలిటీ విభాగం దగ్గరే ఉండాలి, అదీ ఇద్దరు ఒప్పుకుంటేనే. అప్పుడప్పుడు ఫెయిల్ కావాల్సిన శాంపిల్‌ను కావాలనే పెట్టి చూడండి. పాసైతే ఆ లైబ్రరీని ఆ రోజే పక్కన పెట్టేయండి.

మిగతా ఉత్తరాలకు విడివిడిగా జవాబివ్వను, వాటన్నిటి వెనకా ఉన్నది ఒకే సమస్య. కొత్త అప్‌డేట్ వచ్చాక కొన్ని మెషిన్లలో అసలు గ్రాఫ్ ఫైలు బయటికి తీసుకునే దారే పోయింది. పీడీఎఫ్‌లో ఒక శాతం, ఒక టిక్కు మిగిలాయి. గ్రాఫేమో క్లౌడ్‌కు వెళ్లిపోతోంది, అందులో మీ ఫార్ములా జాడ ఉంటుంది. లైబ్రరీ రాత్రికి రాత్రి మారిపోతుంది. నిన్నటి పాస్ ఏ లైబ్రరీతో వచ్చిందో ఎక్కడా రాసి ఉండదు. 1928లో కలకత్తాలో సి.వి. రామన్, ఆయన సహచరుడు కృష్ణన్ చెదిరిన కాంతిలో తాము చూసిన కొత్త గీతలను ఫొటో ప్లేటు మీదకు ఎక్కించారు. ఎవరైనా చూసి తప్పు పట్టొచ్చు. లక్షలు పోసి కొన్న మెషిన్ ఆ అవకాశాన్నే లాగేసుకుంటే ఎలా ఊరుకుంటాం?

ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యూవల్‌కు ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి: ముడి గ్రాఫ్ ఫైలు మామూలు ఫార్మాట్‌లో వస్తుందా, పాత లైబ్రరీ వెర్షన్లు ఉంచుతారా, క్లౌడ్ పూర్తిగా ఆపేయొచ్చా? మూడింటికీ రాతపూర్వకంగా ‘అవును’ అని వచ్చేదాకా చెక్కు ఇవ్వకండి.