ఆరో తరగతి ఇంగ్లిష్ టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చిన్నతల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జిల్లా పరిషత్ హైస్కూల్లో నీకు ఆరో తరగతి ఇంగ్లిష్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. జూన్ 12న బడి తెరిచేలోపు పిల్లలకు ఏ రూల్స్ పెట్టాలో, ఎంత స్ట్రిక్ట్‌గా ఉండాలో రాయమన్నావు. రిటైరయ్యేదాకా నేను చేసిన పని అదే కదా, కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు నీ క్లాసులోకి ఎవరొస్తారో చూసుకో. చుట్టుపక్కల ఊళ్ల ప్రైమరీ స్కూళ్లలో ఐదో తరగతి అయిపోయిన పిల్లలు వస్తారు. కొన్ని ఊళ్లలో ఒక్క టీచరే ఐదు తరగతులూ నెట్టుకొచ్చి ఉంటారు. ఫీజు కట్టలేక ప్రైవేటు స్కూల్ మాన్పించిన పిల్లలూ కొందరుంటారు. ఒకడు పేరా గడగడా చదివేస్తాడు, పక్కనే కూర్చున్న పిల్లకి బీ ఏదో డీ ఏదో తేలదు. 2022-23లో మన తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు కాబట్టి, నీ పీరియడ్‌లో పట్టుకున్న భయం సైన్సుకీ సోషల్‌కీ కూడా పాకుతుంది. నీ దగ్గర ధైర్యం వస్తే అక్కడా వస్తుంది. అందుకే ఏ రూల్ పెట్టబోయినా ఒక్కటే చూడు: దీనివల్ల పిల్లలు నోరు తెరుస్తారా, మూసుకుంటారా?

మొదటి రెండు వారాలు ఫస్ట్ యూనిట్ జోలికి పోకు. సిలబస్ వెనకబడుతుందని ఎవరైనా తొందరపెడితే హెడ్మాస్టర్ గారికి ముందే చెప్పుకో. ఒక్కొక్కరినీ నీ టేబుల్ దగ్గరికి పిలిచి, మిగతావాళ్లకు వినపడకుండా నాలుగు లైన్లు చదివించు. ఎవరు అక్షరాల దగ్గర ఆగారు, ఎవరు మాటల దగ్గర ఆగారు, ఎవరు చదివి కూడా అర్థం చేసుకోలేదు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఏడాదంతా నువ్వు ఎవరి నుంచి ఎంత ఆశించాలో అది చెబుతుంది. మన టెక్స్ట్‌బుక్‌లో ఒక్కో యూనిట్‌కి ఏ, బీ, సీ అని మూడు రీడింగ్ పాఠాలుంటాయి కదా, అక్షరాలు రాని పిల్లని సీ రీడింగ్ దాకా చదివి రమ్మంటే ఆ పిల్ల చదవదు, దాక్కుంటుంది. ఆ పిల్లకి డిసెంబరు కల్లా మొదటిదైన 'ఏ' రీడింగ్‌లో ఒక పేరా సొంతంగా చదవడమే పెద్ద లక్ష్యం.

రూల్స్ తక్కువ పెట్టు. చార్టు మీద తెలుగులోనే రాసి గోడకు అంటించు. ఇంగ్లిష్ క్లాసుకి తెలుగు చార్టేంటని ఎవరైనా అంటే అననీ. రూల్ అర్థమైతేనే కదా పాటించేది.

అందులో మొట్టమొదటిది, తప్పు చదివినవాళ్లని చూసి ఎవరూ నవ్వకూడదు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఎవరో 'ఇస్కూల్' అంటారు, క్లాసంతా గొల్లుమంటుంది. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు పదో తరగతి దాకా నోరు విప్పడు. అలాంటివాళ్లని తొమ్మిదో తరగతిలో చూసి నా గుండె తరుక్కుపోయేది. నవ్వినవాళ్లని తిట్టి వదిలేస్తే సరిపోదు. పాఠం అక్కడే ఆపు. నవ్వు ఆగేదాకా మాట్లాడకు. తర్వాత చదువుతున్న పిల్లవాడిని ఆ వాక్యం పూర్తి చెయ్యమను, అతనికి ఆ గౌరవం దక్కాలి. ఆ మాట సరిగ్గా ఎలా పలకాలో తర్వాత క్లాసు మొత్తం చేత పలికించు, ఒక్కడినే నిలబెట్టి కాదు. మొదటి నెలంతా ప్రతిసారీ ఇలాగే చెయ్యాలి. ఒక్కసారి నువ్వు కూడా వాళ్లతోపాటు నవ్వావో, ఆ రూల్ ఇక చార్టు మీదే మిగులుతుంది.

తెలుగు మాట్లాడితే ఫైన్ వెయ్యడం, బయట నిలబెట్టడం వద్దేవద్దు. సందేహం ఏ భాషలో వచ్చినా రానివ్వు. దానికి బదులు 'నాకు అర్థం కాలేదు', 'ఇంకోసారి చెప్పండి', 'ఈ మాటకి అర్థమేంటి' అనే మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో నేర్పి, వాటిని మాత్రం రోజూ వాడమను. మే ఐ కమిన్ మేడమ్ అనడం వాళ్లకి ఎలాగూ వచ్చు.

ఇక హోంవర్క్. గైడు చూసి ఎక్కించిన రెండు పేజీల కంటే తప్పులతో రాసిన మూడు సొంత వాక్యాలు మేలని మొదటి రోజే చెప్పు, దాన్ని మార్కుల్లోనూ చూపించు. ఆలస్యంగా తెచ్చినా తీసుకుంటాను, కాపీ కొట్టింది మాత్రం తీసుకోను అని గట్టిగా చెప్పు. దిద్దేటప్పుడు కాగితమంతా ఎర్రగా చెయ్యకు. రెండు తప్పులు చూపించి వాటినే మళ్లీ రాయించు. ఇరవై తప్పులు చూపిస్తే పిల్లలు ఒక్కటీ చూడరు, కింద మార్కు మాత్రమే చూస్తారు.

బడి మానేసే పిల్లల గురించి నీకు ముందే తెలియాలి. పత్తి తీసే రోజుల్లో, తర్వాత మిర్చి కోతల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. తల్లిదండ్రులు కూలికి పోతే చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఆడపిల్లలు ఇంట్లో ఆగిపోతారు. అలా వారం రోజుల తర్వాత వచ్చిన పిల్లని ఎందుకు రాలేదని అందరి ముందూ నిలదీస్తే రెండో వారం కూడా రాదు. ప్రతి పిల్లకీ ఒక జత కుదిర్చిపెట్టు. రానివాళ్ల నోట్సు, పాఠం ఎక్కడిదాకా అయిందన్న కబురు ఆ జతే చేరవెయ్యాలి. తప్పిపోయిన స్లిప్ టెస్ట్, అంటే క్లాసులో పెట్టే చిన్న పరీక్ష, వారంలోపు రాసుకోవచ్చని కూడా చార్టు మీద ఉండాలి. అప్పుడు అది నీ దయ అనిపించదు, అందరికీ ఉన్న హక్కులా ఉంటుంది.

మార్కుల దగ్గర నిజాయితీగా ఉండు తల్లీ. ఎఫ్‌ఏ, అంటే బడిలో టీచరే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, 20 మార్కులు నీ చేతిలోవి కదా అని రిజిస్టర్‌లో అందరికీ 17, 18 వేసేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ 18 చూసి ఇంట్లోవాళ్లు పిల్లకి ఇంగ్లిష్ వచ్చేసిందనుకుంటారు. ఎస్‌ఏలో, అంటే సమ్మేటివ్ అసెస్‌మెంట్ అనే పెద్ద పరీక్షలో, 80కి కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది, అప్పుడు ఏడ్చేది పిల్లే. ప్రాజెక్ట్ వర్క్ అంటే నెట్ సెంటర్ ప్రింటవుట్లు తీసుకోకు. మీ ఊరి సంతలో అమ్మే ఐదు వస్తువుల పేర్లు, ధరలు ఇంగ్లిష్‌లో రాసుకురమ్మను, చాలు.

బెత్తం సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మొద్దు, దద్దమ్మ అనే మాటలు స్టాఫ్ రూమ్‌లో కూడా నీ నోట రాకూడదు. అక్కడన్నవి క్లాసుకి చేరతాయి.

నీకూ రూల్స్ ఉండాలి. స్లిప్ టెస్ట్ పేపర్లు రెండు రోజుల్లో తిరిగివ్వాలి. బెల్లు కొట్టగానే క్లాసులో ఉండాలి. నీకు తెలియని మాట ఎదురైతే పిల్లల ముందే డిక్షనరీ తియ్యి. అది చూసి వాళ్లూ తీస్తారు.

పేరెంట్ మీటింగ్‌కి ఎక్కువగా అమ్మలే వస్తారు. 'మాకు చదువు రాదు మేడమ్, మేమేం చూస్తాం' అంటారు. రాత్రి అన్నాలయ్యాక పిల్లని పది నిమిషాలు పైకి చదవమనండి, చదివింది తెలుగులో చెప్పమనండి అని అడుగు. పిల్ల చెప్పలేకపోతే ఆ పేజీ మూల మడిచి పంపమను. మర్నాడు ఆ మడత చూసి అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ