గాలిమరల పక్కన ఇల్లు: ధర సగమవుతుందా?

ప్రశ్న: అయ్యా, ఉరవకొండ దగ్గర మా అమ్మ వాటాకి వచ్చిన ఇల్లు, దాని వెనక 2 ఎకరాల మెట్ట ఉన్నాయి. చుట్టుపక్కల గాలిమరలు పెట్టారు. కొనడానికి వచ్చినాయన "ఫ్యాన్ల పక్కన ఇల్లు ఎవరు కొంటారు?" అంటూ సగం ధరకే అడుగుతున్నాడు. నిజంగా అంత పడిపోతుందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సగానికా! తిరుపతిలో దస్తావేజులు రాస్తూ బతికినవాణ్ణమ్మా. వీధిపోటు, ఈశాన్యం కోత, గేటు ముందు కరెంటు స్తంభం... ధర దించడానికి జనం చెప్పని వంక లేదు. పాపవినాశనం దారిలో గాలిమరల ముందు ఆగి ఫొటోలు దిగేదీ మనమే.

అలాగని ప్రభావమే ఉండదనను. అమెరికాలో 2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, గాలిమరలు వస్తాయని ప్రకటించగానే మైలు లోపు ఇళ్ళ ధరలు, దూరంగా ఉన్నవాటితో పోలిస్తే, 11 శాతం దాకా తగ్గాయి. మరలు తిరగడం మొదలయ్యాక 3 నుంచి 5 ఏళ్ళలో కోలుకున్నాయి. ఆ తగ్గుదల కూడా జనాభా రెండున్నర లక్షలు దాటిన కౌంటీల్లోనే (మన జిల్లాల్లాంటివి). పల్లెపట్టున తేడా కనబడలేదు. డెన్మార్క్‌లోనైతే ఇంటి విలువ పడితే గాలిమర పెట్టినవాళ్ళే పరిహారం ఇచ్చేలా చట్టం తెచ్చారు. మీరు మాత్రం బేరంలోనే తేల్చుకోవాలి.

చప్పుడు దృష్ట్యా నివాసాలకు 500 మీటర్ల దూరం ఉండాలని కేంద్రం 2016 మార్గదర్శకాల్లో ఉంది. మీ ఇంటికి ఎంత దూరమో కొలిపించండి. పొద్దు వాలే వేళ రెక్కల నీడ కిటికీలోంచి గోడ మీద పడుతోందా చూడండి. పడితే గదిలో ఎవరో స్విచ్ వేసి ఆర్పుతున్నట్టు ఉంటుంది. కొనేవాడు ఆ వేళకి వచ్చాడంటే బేరం గోవిందా!

నన్నడిగితే రెక్క కన్నా తీగ ముఖ్యం. పొలం మీదుగా లైను పోతోందా? దారి కోసం మీ మామయ్యవాళ్ళెవరైనా సంతకం పెట్టారా? సర్వే నంబరుతో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. గాలిమరల కంపెనీకి ఇచ్చిన లీజు రిజిస్టరై ఉంటే అందులో తేలుతుంది. స్టాంపు పేపరు మీద రాసుకున్న నోటరీ కాగితం తేలదు, ఇంట్లో బీరువా వెతకాల్సిందే. లీజు ఉంటే కంగారొద్దు, అది బేరంలో మీకే బలం. మిగిలిన ఏళ్ళ అద్దె ఎవరిదో సేల్ డీడ్‌లో స్పష్టంగా రాయించండి.

ధరకి మన వైపు ఇళ్ళ స్థలాలు కొలిచే అంకణాల లెక్క అక్కడ పనికిరాదు. మెట్ట కొనేవాడు ముందు బోరు సంగతే అడుగుతాడు. మరలు వచ్చాక ఆ ఊళ్ళో కొన్నవాళ్ళెవరో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కాగితాల్లో చూసి, నేరుగా వాళ్ళనే కలవండి. కాగితంలో రాసే ధర ఒకటి, చేతులు మారేది ఇంకొకటి కదా. ఈసీ చేతికొచ్చేదాకా అడ్వాన్సు మాత్రం తీసుకోకండి.