కట్టని తొమ్మిదో కోట

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు "ఇంట్లో పడున్న పాత సీడీల్లో పనికొచ్చేవి ఏమైనా ఉంటాయా?" అని అడిగితే, మాటవరసకి 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్' అనే కంప్యూటర్ ఆట మూడో భాగం పేరు రాశాను. ప్రింటర్లో కాగితం ఇరుక్కుందనీ, ఫోను వేడెక్కిపోతోందనీ వచ్చే ఉత్తరాల మధ్య ఈ ఆట మీదే పదకొండు వచ్చి పడ్డాయి. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో 2001 నుంచి తొమ్మిదేళ్లు కంప్యూటర్ సెంటర్ నడిపినవాణ్ణి. అందులో సగం అద్దె ఈ ఆటే కట్టింది. అందుకని ఈసారి ప్రింటర్లకి సెలవు.

ప్రశ్న: మా అన్నయ్య ఇంజినీరింగ్ రోజుల్లో ఈ ఆట ఆడేవాడు. దీన్ని ఎవరు మొదలుపెట్టారు? మొదటినుంచీ పెద్ద కంపెనీయేనా?
– డిగ్రీ విద్యార్థి, పార్వతీపురం

జవాబు: కాదు బాబూ, మొదట్లో అది ఇంట్లో పెట్టిన దుకాణం. అమెరికాలో జాన్ వాన్ కానెగెమ్ అనే ఆయన 1984లో న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. 'మైట్ అండ్ మ్యాజిక్' అనే తొలి ఆటని మూడేళ్లపాటు దాదాపు ఒంటి చేత్తో రాసి, 1986లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం అమ్మకానికి పెట్టాడు. ఆర్డర్లు కూడా ఇంటి ఫోనుకే వచ్చేవి. అది ఆరుగురు మనుషుల్ని వెంటేసుకుని గుహల్లో తిరిగే ఆట. కోటలూ సైన్యాలూ అప్పటికి లేవు.

సైన్యాలు 1990లో 'కింగ్స్ బౌంటీ'తో వచ్చాయి. రాజుగారి రాజదండం ఎక్కడో పాతిపెట్టేశారు. ఎక్కడో చూపించే పటం 25 ముక్కలుగా మూసి ఉంటుంది. 17 మంది దుర్మార్గుల్ని పట్టుకుంటే 17 ముక్కలు, 8 అపురూప వస్తువులు దొరికితే 8 ముక్కలు తెరుచుకుంటాయి. పటం సగం తెరుచుకోగానే "ఈ చెట్టు నేను చూశాను" అని గుర్తుపట్టి తవ్వేసేవాడే మొనగాడు. ఆ తర్వాత వచ్చిన ఆటల్లో రాతి స్తంభాల దగ్గరికి వెళితే పటం ముక్కలు తెరుచుకుంటాయి చూడు, ఆ అలవాటు ఇక్కడిదే.

1995లో ఈ రెంటినీ కలిపితే 'హీరోస్' మొదటి భాగం పుట్టింది. కింగ్స్ బౌంటీ నుంచి యుద్ధం, మైట్ అండ్ మ్యాజిక్ నుంచి లోకం. గుర్రం మీద ఒక నాయకుడు, వెనక సైన్యం, దారిలో గనులు, కోటలు. ఏడు రోజులకో వారం, వారం మారగానే కోటల్లో కొత్త సైనికులు పుడతారు. మొదటి భాగంలో నాలుగు రకాల కోటలు, 1996లో వచ్చిన రెండో భాగంలో ఆరు, 1999 నాటి మూడో భాగంలో ఎనిమిది.

రెండో భాగం కథ సింహాసనం కోసం కొట్టుకునే రోలండ్, ఆర్చిబాల్డ్ అనే అన్నదమ్ములది. మా సెంటర్లో ఓ చరిత్ర మాస్టారు దాన్ని చూసి "ఇది మన సీతారామరాజు, విజయరామరాజుల గొడవే కదయ్యా" అన్నారు. అన్న దివానుగిరీ చేస్తుంటే తమ్ముడు గద్దె మీద కూర్చున్న ఊరు మనది. మాస్టారికి ఆట ఎప్పటికీ రాలేదు కానీ, కథ మాత్రం అందరికన్నా ముందే అర్థమైంది.

ప్రశ్న: మూడో భాగంలో ముందు వేరే కోట ఒకటి పెట్టాలనుకుని మానేశారని విన్నాను. నిజమేనా? ఎందుకు మానేశారు?
– బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: నిజమే సార్. దాని పేరు ఫోర్జ్. ఈ ఆటల చరిత్రలో నాకు బాగా ఇష్టమైన గొడవ ఇదే, కాబట్టి కాస్త సాగదీస్తాను.

ముందొక సంగతి. దీన్ని మనం రాక్షసుల, మాంత్రికుల ఆట అనుకుంటాం. కానీ దాని అడుగున అంతరిక్ష కథ ఉంది. 1986 నాటి మొదటి ఆటనుంచే ఆ లోకాలన్నీ 'ఏన్షియెంట్స్' అనే పురాతన జాతి కట్టినవని, వాటి వెనక ఓడలూ యంత్రాలూ ఉన్నాయని వాన్ కానెగెమ్ కథ నడుపుతూ వచ్చాడు. మైట్ అండ్ మ్యాజిక్ ఆడినవాళ్లకి ఇది తెలుసు. ఒట్టి హీరోస్ మాత్రమే ఆడినవాళ్లకి తెలీదు. గొడవంతా ఇక్కడే వచ్చింది.

1999లో మైట్ అండ్ మ్యాజిక్ ఏడో భాగం వచ్చింది. అందులో ఆటగాడు మంచి దారైనా పట్టొచ్చు, చెడ్డ దారైనా పట్టొచ్చు. చెడ్డ దారి పడితే ఆ పురాతనుల యంత్రవిద్య దుర్మార్గుల చేతికి పోతుంది. హీరోస్ మూడుకి 'ఆర్మగెడాన్స్ బ్లేడ్' అనే అదనపు భాగం చేస్తున్నప్పుడు ఆ చెడ్డ ముగింపునే అసలు కథగా తీసుకున్నారు. దుర్మార్గులు ఆ విద్యతో కట్టుకున్న కోటే ఫోర్జ్. ఒంటికి ఇనుప పనిముట్లు బిగించుకున్న శవాలు, నడుం కింద ట్యాంకు తగిలించిన నాగకన్య... ఆ బొమ్మలు బయటికొచ్చాయి.

అభిమానులు మండిపడ్డారు. కోటలూ కత్తులూ ఉన్న చోట ట్యాంకులేమిటని కోపం. ఆట కొనబోమని బెదిరించారు. ఆ ఆటల దర్శకుడు డేవిడ్ మల్లిక్‌కి చంపేస్తామనే బెదిరింపు కూడా వచ్చింది. చివరికి ఫోర్జ్‌ని పక్కన పెట్టేశారు. అదనపు భాగం ఆ ఏడాదే రావాలి, చేతిలో టైం లేదు. అప్పటికే ఆటలో ఏ కోటకీ చెందకుండా తిరుగుతున్న గాలి, నీరు, నిప్పు, మట్టి భూతాల్ని పోగుచేసి, పైన ఫీనిక్స్ పక్షిని కూర్చోబెట్టి 'కాన్‌ఫ్లక్స్' అనే తొమ్మిదో కోట చేశారు. ఇంట్లో ఉన్న కూరగాయలతో చేసిన పులుసులాంటిది. ఉప్పు మాత్రం ఎక్కువైంది. అది మిగతా కోటలకన్నా ఎంత బలంగా తయారైందంటే, మా సెంటర్లో అది తీసుకున్నవాడు సమోసాలు కొనాలి అని రూలు పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత మైట్ అండ్ మ్యాజిక్ ఎనిమిదిలో మంచి ముగింపే అసలు ముగింపన్నట్టు కథని మళ్లించేశారు. అంటే కొనేవాళ్ల కోపం కోటనే కాదు, కథనీ మార్చేసింది. నన్నడిగితే ఫోర్జ్ పెట్టాల్సింది. పదేళ్లకి పైగా చెప్పుకొస్తున్న కథ అది. కాకపోతే ఆ కథని ఆడేవాళ్లకి ముందుగా చెప్పుకోలేదు, అదే తప్పు.

అసలు తమాషా తర్వాత జరిగింది. హీరోస్ మూడు కోసం అభిమానులే సొంతంగా 'హార్న్ ఆఫ్ ది అబిస్' అనే అదనపు భాగం చేసి 2011 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. 2023 చివర్లో వాళ్లు అందులో కొత్త కోట పెట్టారు. పేరు ఫ్యాక్టరీ. అందులో మెకానిక్కులు, తుపాకీవాళ్లు, మర మనుషులు. ఈసారి జనం చప్పట్లు కొట్టారు.

ప్రశ్న: నాలుగో భాగం కొన్న రోజుల్లో స్నేహితులతో ఆడదామంటే ఆ సదుపాయమే లేదు. అంత తొందరగా ఎందుకు వదిలేశారు?
– మెడికల్ షాపు యజమాని, టెక్కలి

జవాబు: డబ్బుల్లేక. న్యూ వరల్డ్‌ని 1996లోనే 3డీఓ అనే కంపెనీ కొనేసింది. ఆ కంపెనీ ఆటల పెట్టె ఒకటి తెచ్చింది, 1993లో ధర 699 డాలర్లు. అది పోయాక ఉత్త ఆటల కంపెనీగా బతకాలని చూసింది. నాలుగో భాగం 2002లో వచ్చేనాటికి పైనున్న కంపెనీ మునుగుతోంది. నలుగురు కలిసి ఆడే సదుపాయం లేకుండానే డబ్బా షాపుల్లోకి వచ్చేసింది, తర్వాత ప్యాచ్‌గా, అంటే ఆటకి వేసే అతుకుగా ఇచ్చారు. 2003 మే నెలలో 3డీఓ దివాలా తీసింది. మైట్ అండ్ మ్యాజిక్ హక్కులు ఫ్రాన్స్ కంపెనీ యూబీసాఫ్ట్‌కి 13 లక్షల డాలర్లకి పోయాయి. పదిహేడేళ్లు నడిచిన లోకానికి అది చవకే.

నాలుగో భాగంలో నాయకుడు తనే యుద్ధంలోకి దిగి దెబ్బలు తింటాడు. చాలామంది తిట్టారు కానీ నాకది నచ్చింది. మిగతా భాగాల్లో వాడు గుర్రమెక్కి వెనక నిలబడి చెయ్యి ఊపుతుంటాడంతే.

ప్రశ్న: తర్వాత భాగాలు ఎవరు చేశారు?
– అదే ఉత్తరంలో

జవాబు: ఐదోది రష్యాలో నివాల్ (2006), ఆరోది హంగరీలో బ్లాక్ హోల్ (2011), ఏడోది జర్మనీలో లింబిక్ (2015). పాత లోకాన్ని వదిలేసి ఆషన్ అనే కొత్త లోకం కట్టారు. ఐదోది బాగుంటుంది, ఆడండి. మిగతా రెండూ మీ ఇష్టం. 'ఓల్డెన్ ఎరా' అనే ఇంకో కొత్తదాన్ని 2024లో ప్రకటించారు, అది అన్‌ఫ్రోజన్ అనే స్టూడియో పని.

ప్రశ్న: మూడో భాగాన్ని కొత్త బొమ్మలతో మళ్లీ అమ్ముతుంటే కొన్నాను. అందులో కాన్‌ఫ్లక్స్ లేదు. మోసపోయానా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: మోసం కాదమ్మా, వాళ్ల దగ్గరే లేదు. 2015 జనవరిలో యూబీసాఫ్ట్ ఆ హెచ్‌డీ కూర్పు తెచ్చింది. అసలు ఆటది తప్ప రెండు అదనపు భాగాల సోర్స్ కోడ్ దొరకలేదని కంపెనీయే చెప్పింది. అందుకే 'ఆర్మగెడాన్స్ బ్లేడ్' లేదు, 'షాడో ఆఫ్ డెత్' లేదు, ఎప్పటికప్పుడు కొత్త పటం తయారుచేసిచ్చే సదుపాయమూ లేదు. ఆడే ప్రోగ్రాము లక్షల కంప్యూటర్లలో ఉంది. దాన్ని చేయడానికి రాసిన రాత మాత్రం చేతులు మారడంలో ఎక్కడో జారిపోయింది. మీరు చేసేది ఇదే ఉద్యోగం కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు.

వాళ్లని నవ్వడానికి నాకు నోరు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా షాపు రేకులు లేచిపోయాయి. కస్టమర్ల పెళ్లి ఫోటోలు ఉన్న మూడు హార్డ్ డిస్కులు బల్ల మీదే ఉన్నాయి. బ్యాకప్ తీశానా అంటే తీశాను. ఆ బల్ల మీదే, పక్క డిస్కులో. మూడు నెలలు ముఖం చాటేసుకుని తిరిగాను.

మీరు జీఓజీ సైట్లో దొరికే 'కంప్లీట్' కూర్పు కొనుక్కోండి. రెండు అదనపు భాగాలూ అందులో ఉంటాయి. ఆఫీసు లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

ప్రశ్న: మా గుంటడు, వాడి తాతగారూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఈ ఆట ఆడుతూ భోజనానికి కూడా లేవట్లేదు. ఇద్దరికీ ఒకే కంప్యూటర్ ఎలా సరిపోతోంది?
– గృహిణి, పాలకొండ

జవాబు: దాన్ని హాట్ సీట్ అంటారమ్మా. ఒకరి రోజు అయిపోగానే కుర్చీ ఇంకొకరికి. మా సెంటర్లో గంటకి 20 రూపాయలు. నలుగురు కుర్రాళ్లు తలా ఐదు వేసుకుని వచ్చేవారు. ఒకడు ఆడుతుంటే మిగతా ముగ్గురూ గోడకేసి తిరిగి నిలబడాలి, లేకపోతే వాడి సైన్యం ఎక్కడుందో కనిపించేస్తుంది. వీధిలో వెళ్లేవాళ్లు నేను పిల్లలకి శిక్ష వేశాననుకునేవారు. "ఏటి మావా, ఒక్క వారం అన్నావు, నెల అయిపోనాది!" అని ఒకడు, "సోమారం సైన్యం వస్తాది, అది తీసుకుని లేస్తాను" అని ఇంకొకడు. ఆ సోమవారం కోసమే రాత్రి పదకొండు దాకా షట్టర్ సగం దించి ఉంచేవాణ్ణి.

వాళ్లలో ఆడకుండా ఊరికే వచ్చి కూర్చునేవాడు ఒకడుండేవాడు. సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునేవాడు. ఒక్కో కోటకి ఒక్కో సంగీతం ఉంటుంది కదా, పాల్ రొమెరో కట్టినవి. "మావా, ఆ పచ్చ కోటలోకి ఒకసారి వెళ్లవా" అని బతిమాలేవాడు. ఆడేవాడు విసుక్కుంటూనే వెళ్లేవాడు.

తాతగారికి ఒక మాట చెప్పండి: మొదటి వారంలో డబ్బులన్నీ సైన్యానికి పెట్టకుండా కోటలో సభామందిరం కట్టమనండి. రోజుకి ఇంత అని బంగారం వస్తుంది. భోజనానికి మాత్రం మీరే కరెంటు తీసేయాలి.

ప్రశ్న: ఆటతో పాటు వచ్చే మ్యాప్ ఎడిటర్‌లో బొబ్బిలి యుద్ధం తయారుచేయొచ్చా?
– తొమ్మిదో తరగతి, బొబ్బిలి

జవాబు: చెయ్యొచ్చురా తమ్ముడూ, మేము చేయబోయాం కూడా. 2003లో. కోట గోడల్ని కొట్టడానికి దాడి చేసేవాడికి క్యాటపల్ట్ ఉంటుంది, దాన్ని బుస్సీ ఫిరంగి అనుకో. 1757 జనవరి 24న కోట మీద దాడి జరిగేటప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు, అది నీకు తెలిసిందే. కాబట్టి అతన్ని పటంలో కోటకి దూరంగా పెట్టి, మధ్యలో బురద నేల వెయ్యి. బురదలో గుర్రం నెమ్మదిగా నడుస్తుంది, అతను వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. కబురు ఎప్పుడు అందాలో 'టైమ్డ్ ఈవెంట్' అని ఉంటుంది, దాంట్లో రోజు వేసి సందేశం రాయి.

మా దగ్గర పటం అంతవరకూ బాగానే వచ్చింది. ఆ తర్వాత రెండు చిక్కులు. నలుగురిలో ఇద్దరు బొబ్బిలి కుర్రాళ్లు, ఇద్దరు మా ఊరివాళ్లు, బుస్సీ పక్కనున్న పెద విజయరామరాజుగా ఆడటానికి ఎవడూ ఒప్పుకోలేదు. పాపారాయుడికి ఏ జాతి సైన్యం ఇవ్వాలన్నది రెండోది. ఒకడు గుర్రపు వీరులన్నాడు, ఒకడు గ్రిఫిన్లన్నాడు, బొబ్బిలివాడు నల్ల డ్రాగన్లు ఇస్తే తప్ప ఊరుకోనన్నాడు. నువ్వు ముందు ఆ రెండూ తేల్చుకుని అప్పుడు ఎడిటర్ తెరు.