రాంచ్ పనికి తోలు చెస్ట్ హోల్‌స్టర్: నడుముకా, ఛాతీకా?

మీకు గ్రీన్ కార్డు వచ్చింది, ఈ వేసవి నుంచి అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మీ అత్తగారి వాళ్ల రాంచ్‌లో, అంటే పశువుల్ని పెంచే పొలంలో, పని చేయబోతున్నారు. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి పిస్టల్ దగ్గర ఉంచుకోమని వాళ్లు చెప్పారు. దాన్ని నడుముకి కట్టుకోవాలా, తోలు చెస్ట్ హోల్‌స్టర్, అంటే పిస్టల్‌ని ఛాతీ మీద పెట్టుకునే తోలు ఒర, కొనాలా అన్నది మీ ప్రశ్న. నేను ఆ రాష్ట్రంలోనే, రాకీ పర్వతాలు అయిపోయి మైదానం మొదలయ్యే షోటో ఊరి వైపు పశువుల డాక్టర్‌గా ఉన్నాను. మాకూ కొన్ని ఆవులున్నాయి. గ్రిజ్లీలనే పెద్ద ఎలుగుబంట్లు కొండ దిగి వాగుల వెంబడి పచ్చిక పొలాల దాకా వస్తాయి ఇక్కడ. కొన్నేళ్లుగా తోలు చెస్ట్ హోల్‌స్టరే వాడుతున్నాను. నన్నడిగితే ఛాతీకే కట్టుకోండి, కాకపోతే కొన్ని జాగ్రత్తలు తెలిసి కట్టుకోండి.

రాంచ్ పనిలో నడుము ఖాళీగా ఉండదు. గుర్రమెక్కితే అక్కడున్న పిస్టల్ జీనుకు రాసుకుంటుంది. ట్రాక్టరులో కూర్చుంటే సీటుకీ తుంటికీ మధ్య ఇరుక్కుంటుంది. ట్రక్కులో సీటు బెల్టు దాని మీదే పడుతుంది. వీపుకి పెద్ద బ్యాగు వేసుకుంటే దాని నడుము పట్టీ సరిగ్గా అక్కడే బిగుస్తుంది. జూన్‌లో గడ్డి పొలాలకు నీళ్లు పెట్టే పని చూడండి. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకుని, కర్రకు చుట్టిన పట్టాని కాలువకు అడ్డంగా దించి, నీళ్లు ఎగదన్నాక పారతో గట్టు తెంపి మళ్లిస్తాం. గన్ తుంటి దగ్గరుంటే వంగినప్పుడల్లా బురదంతా దానికే. ఎలుగుబంటి ఎదురుపడే అవకాశం ఎక్కువున్నది కూడా ఆ వాగు పక్క పొదల్లోనే. పనికి అడ్డం వచ్చే వస్తువుని ఎవరైనా మధ్యాహ్నానికల్లా తీసి ట్రక్కు సీటు మీద పెట్టేస్తారు. ట్రక్కులో ఉన్న పిస్టల్ పొదల దగ్గరున్న మనిషికి ఎందుకూ కొరగాదు. ఛాతీ మీదున్నది రోజంతా ఒంటి మీదే ఉంటుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ట్యాంకు సిబ్బంది ఇరుకు సీట్లలో కూర్చోవాలి కాబట్టి పిస్టల్‌ని తోలు హోల్‌స్టర్లో ఒంటి పైభాగానికి తగిలించుకునేవాళ్లు. ట్యాంకర్ హోల్‌స్టర్ అన్న పేరు అలా వచ్చిందే. తర్వాత అలాస్కాలో నదుల్లో దిగే చేపల గైడ్లకు, వేట గైడ్లకు ఇది బాగా అలవాటైంది. అక్కడి వాసిల్లా ఊళ్లో డైమండ్ డి కస్టమ్ లెదర్ అనే కంపెనీ వాళ్లు చేసే ‘గైడ్స్ చాయిస్’ ఈ రకంలో పేరున్నది.

ఇక ఒంటికి సరిపోవడం గురించి. ఒక పట్టీ జంధ్యంలా భుజం మీంచి వస్తుంది, ఇంకొకటి ఛాతీ చుట్టూ తిరుగుతుంది. గన్ రొమ్ముకి కాస్త కిందగా, డొక్క ఎముకల మీద కూర్చోవాలి. పైకి ఉంటే మోచేయి పిడికి కొట్టుకుంటుంది. కిందికి జారితే వంగినప్పుడు పొట్టలో గుచ్చుతుంది. తూటాలు నింపిన టెన్ ఎంఎం గ్లాక్ 20 పిస్టల్ కిలోకి కాస్త పైనే తూగుతుంది, ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్ ఇంకా బరువు. కాబట్టి భుజం దగ్గర పట్టీ వెడల్పుగా ఉన్నదే తీసుకోండి, సన్నటిది సాయంత్రానికి మెడ పక్కన కోసుకుపోతుంది. కొలత ఇచ్చేటప్పుడు చలికాలం జాకెట్ మీద ఒకసారి, చొక్కా మీద ఒకసారి కొలవండి. రెండింటికీ సరిపడా రంధ్రాలు పట్టీకి ఉండాలి. బ్యాగు వేసుకునే రోజున ముందు హోల్‌స్టర్, దాని మీద బ్యాగు.

అన్నిటికంటే ముఖ్యమైనది గన్ బయటికి తీసే పద్ధతి. కుడిచేతి వాళ్లకు పిడి కుడివైపు, గొట్టం మూతి ఎడమవైపు కిందికి చూస్తూ ఉంటుంది. తీసేటప్పుడు ఆ మూతి మీ ఎడమ చేతి మీదుగా, ఎడమ పక్కన నిలబడ్డ మనిషి మీదుగా పోయే ప్రమాదం ఉంది. ఎడమ అరచేతిని ముందే ఛాతీకి ఆనించి పెట్టుకోండి, గన్‌ని నేరుగా ముందుకు లాగి అప్పుడే తిప్పండి. తూటాలు తీసేసి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, జాకెట్టూ చేతి తొడుగులూ వేసుకునే సాధన చేయండి. ఈ పని ఒక మంచి శిక్షకుడి ముందు చేస్తే మరీ మంచిది. వెనక్కి పెట్టేటప్పుడు తొందర అసలే వద్దు. జాకెట్ తాడు చివరుండే ప్లాస్టిక్ పూస ట్రిగ్గర్ సందులోకి దూరితే తూటా పేలుతుంది. నేనైతే ఆ తాళ్లు కత్తిరించేశాను. ట్రిగ్గర్ మొత్తం తోలు కింద దాగి ఉండాలి, పైన టిచ్ బటన్ పట్టీ ఉండాలి. గుర్రం ఉలిక్కిపడినా, మీరు బోర్లా పడినా గన్ లోపలే ఉండాలి కదా.

ఛాతీ మీద గన్ పనికిరాని పనులూ ఉన్నాయి. ఈనలేని ఆవు నుంచి దూడని లాగేటప్పుడు ఒళ్లంతా ఆవుకి ఆనుతుంది. దూడలకు వాతలు పెట్టి ముద్రలు వేసే రోజు వాటిని ఒడిసిపట్టి పడేయాలి, చుట్టూ పిల్లలూ పెద్దలూ ఉంటారు. తాడు విసిరి జీను కొమ్ముకి చుట్టేటప్పుడు ఆ తాడు పిడికి తగులుకోవచ్చు. అలాంటి పనులకు ముందే తీసి తాళం ఉన్న పెట్టెలో పెట్టేస్తాను.

తోలా, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్కా అంటే, వానలో ఎక్కువ తిరిగేవాళ్లకు కైడెక్స్ మేలు, కడిగితే సరి. మాది పొడి గాలి, అందుకే నాకు తోలు నచ్చుతుంది. వంగినా గుచ్చుకోదు, జాకెట్‌ని గీకదు. చెట్టు బెరడుతో ఊనిన మందపాటి తోలు అడగండి. మన వైపు తంగేడు చెక్కతో ఊనేవాళ్లే, ఆ పద్ధతే. తడిస్తే పొయ్యి పక్కన పెట్టొద్దు, పెళుసెక్కి పగులుతుంది. నీడలో నిదానంగా ఆరనివ్వండి. నూనె ఎక్కువ పట్టిస్తే మెత్తబడి ఆకారం పోతుంది. హోల్‌స్టర్ నోరు మెత్తబడి లోపలికి మడత పడుతుంటే ఇక దాన్ని వాడకండి, ఆ మడతే ట్రిగ్గర్‌ని నొక్కగలదు. రాత్రి గన్‌ని తోలులోనే వదిలేస్తే చెమ్మకి తుప్పు పడుతుంది.

గన్ ఉంది కదా అని బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీదకి కొట్టే స్ప్రే, మానేయకండి. మనకు బాగా తెలిసిన మిరప ఘాటే అందులో ఉండేది. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన ఘటనలను పరిశీలిస్తే, బ్రౌన్ బేర్ల మీద స్ప్రే వాడిన సందర్భాల్లో 92 శాతం అది వాటిని ఆపింది. గ్రిజ్లీలూ ఆ జాతివే. దూసుకొస్తున్న జంతువు మీద గురి కుదరడం ఎంత కష్టమో ఆలోచించండి, స్ప్రే అయితే మబ్బులా పరుచుకుంటుంది. నా స్ప్రే హోల్‌స్టర్ పట్టీకే, ఎడమ చేతికి అందేలా ఉంటుంది. ముందు చెయ్యి పోయేది దానికే.

చట్టం సంగతి. మోంటానాలో 2021 నుంచి పర్మిట్ లేకుండానే గన్‌ని జాకెట్ కింద దాచి పెట్టుకోవచ్చు, అయినా కొన్ని చోట్ల నిషేధాలున్నాయి. గ్రిజ్లీ 1975 నుంచి రక్షిత జంతువు. మనుషుల ప్రాణం కాపాడుకోవడానికి కాల్చాల్సి వస్తే 5 రోజుల లోపు అధికారులకు తెలపాలి. ఆవుల్ని కాపాడటానికి కాల్చడం దాని కిందికి రాదు. ఇది చదువుతున్న హెచ్‌1బీ, ఎఫ్‌1 వాళ్లకో మాట: ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి కానీ లాయర్ని అడగకుండా ముట్టుకోకండి. స్ప్రేకి ఆ గొడవ లేదు, కాకపోతే విమానంలో తీసుకెళ్లనివ్వరు, దిగాక కొనుక్కోవాలి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు గన్ మోడల్, గొట్టం పొడవు, దాని మీద లైటు ఉందా, మీది ఏ చేతి వాటం అన్నవి రాయాలి. చేత్తో కుట్టేవాళ్లు వారాల తరబడి సమయం తీసుకుంటారు. మీరు వేసవికి వెళ్తున్నారంటే గన్ ఏదో ముందు తేల్చుకుని ఇప్పుడే చెప్పేయండి.