మా ఇంట్లో క్రిస్మస్ ఇప్పుడు పన్నెండు రోజులు

క్రిస్మస్ సెలవులంటే సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంటోందని, అవి అయిపోయేసరికి ఇంకా అలసిపోతున్నానని, నిదానంగా గడపాలంటే ఏం చేయాలని అడిగారు. నేనూ చాలా ఏళ్లు అలాగే గడిపాను. నాకు పనికొచ్చినవి చెబుతాను.

నాలుగేళ్ల కిందట 24వ తేదీ రాత్రి ఆరాధనలో ఉన్నాను. చేతిలో కొవ్వొత్తి వెలుగుతోంది. అందరూ పాడుతున్నారు, నా పెదవులూ కదులుతున్నాయి. మనసు మాత్రం ఇంట్లోనే ఉంది. ఇంకా ఆరని కర్టెన్లు, ప్యాక్ చేయని మూడు బహుమతులు, పొద్దున్నే వచ్చే చుట్టాలకు సరిపోని దుప్పట్లు. కరిగిన మైనం వేలి మీద పడి చురుక్కుమంది. చూస్తే పాట అయిపోయింది, పక్కావిడ పుస్తకం మూసేస్తోంది. ఏ పాట పాడామో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏడాదంతా ఎదురుచూసిన రాత్రి అది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

మరుసటి ఏడాది నవంబరులోనే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను. "ఏది లేకపోతే మీకు క్రిస్మస్‌లా అనిపించదు?" గదిలో లైట్లన్నీ ఆపేసి, చెట్టు మీద దీపాలు మాత్రం వెలుగుతుంటే దాని కింద పడుకుని చూడడం అన్నాడు మా అబ్బాయి. మావారికి 26న అలారం లేకుండా నిద్రపోతే చాలట. అత్తయ్య కాసేపు ఆలోచించి, "నువ్వు పక్కన కూర్చుని పాత ఆల్బం చూపించాలమ్మా, పేర్లు మర్చిపోతున్నాను" అన్నారు. కర్టెన్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఏటా నాకు రెండు రోజులు వాటి ఉతుకుడుకే పోయేవి. ఆ ఏడాది ఉతకలేదు.

మీరూ ముందు ఇది అడిగి చూడండి. ఒక్కరే కూర్చుని ఏం తగ్గించాలా అని లిస్టు రాస్తే ఒక్క పనీ కొట్టేయబుద్ధి కాదు. ఇంట్లోవాళ్ల నోటి నుంచి వింటే ఏవి అక్కర్లేదో తేలిగ్గా తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇంకోటి ఉంది. క్రిస్మస్ ఒక్క రోజు పండుగ కాదండీ. చాలా సంఘాల సంప్రదాయంలో దానికి ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంది, అది ఎదురుచూడడానికే. 25 నుంచి లెక్కపెడితే జనవరి 5 దాకా పన్నెండు రోజులు. ఆరో తేదీన, జ్ఞానులు బాలయేసును దర్శించడాన్ని గుర్తుచేసుకునే ఎపిఫనీ. జూలియన్ అనే పాత క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ సంఘాలకైతే క్రిస్మస్సే జనవరి 7న వస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా ప్రతి పనీ 25 సాయంత్రంలోపే అయిపోవాలని పరిగెత్తేదాన్ని.

ఇప్పుడు 25న బాగా దగ్గరివాళ్లకే ఫోన్ చేస్తాను. మిగతావాళ్లకు రోజుకు ఇద్దరు చొప్పున ఎపిఫనీ వరకు. తీరిగ్గా మాట్లాడుకుంటున్నాం, ఆ మాటల్లో ఒకరి అనారోగ్యం సంగతి కూడా తెలిసింది. హడావిడిగా శుభాకాంక్షలు చెప్పి పెట్టేసే రోజుల్లో అది నా చెవిన పడేదే కాదు. చుట్టాలను 28న రమ్మంటున్నాం. మొదట్లో ఒకరిద్దరు నొచ్చుకున్నారు. "25న వస్తే మీ పక్కన కూర్చునే తీరిక నాకుండదు, 28న అయితే రోజంతా మీతోనే ఉంటాను" అని ఉన్నమాట చెప్పాను. సర్దుకున్నారు. బహుమతులు కూడా పెద్దవాళ్లం చీటీలు తీసి, ఒక్కొక్కరం ఒక్కరికే ఇచ్చుకుంటున్నాం.

ఇక ఒంటి సంగతి. కంగారులో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం ప్రభావం వల్ల అదే గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. సింకు దగ్గర గిన్నెలు తోముతూ కూడా చేస్తాను. ఐదు నిమిషాల్లో భుజాలు దిగినట్టు తెలుస్తుంది. నిద్ర మాత్రం ఏడు గంటలకు తగ్గనివ్వకండి. రాత్రి మిగుల్చుకున్నామనుకున్న రెండు గంటలు మర్నాడు పిల్లల మీద విసుగై బయటికొస్తాయి.

ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి. ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరైనా దూరమయ్యారా? మా నాన్నగారు పోయిన తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కి నేను పనులు రెట్టింపు చేసుకున్నాను. ఖాళీగా కూర్చుంటే ఆయన గుర్తొస్తారని భయం. అలాంటప్పుడు పనులు తగ్గిస్తే దుఃఖం ముందుకొస్తుంది, రానివ్వండి. ఆయన గురించి ఇంట్లో మాట్లాడుకున్నాకే నాకు ఊరట కలిగింది. రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేక, నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్ని కలవండి.

పోయిన ఏడాది 24న సాయంత్రం ఆరింటికి పనులు ఆపేశాం. రెండు బహుమతులు ప్యాక్ చేయకుండానే మిగిలాయి, 27న ఇచ్చాం. ఆరాధనకు వెళ్లేలోపు అత్తయ్యా నేనూ ఆల్బం ముందేసుకుని కూర్చున్నాం. ఒక ఫొటోలో రెండు జడలు వేసుకున్న పాప ఎవరో ఇద్దరికీ తెలియలేదు. ఆ పాప గురించే అరగంట మాట్లాడుకున్నాం.