లైకులు ఒకదానికి, ఆర్డర్లు మరొకదానికి

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు, లక్కపిడతలు సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లకు రోజుకు 500 రూపాయలు పెడుతున్నాను. ఒక్కో ఆర్డరుకు సుమారు 250 రూపాయలు ఖర్చవుతోంది. గత వారం ఏడు రకాల ఫొటోలు, వీడియోలు ఒకే యాడ్ సెట్‌లో (ఒకే ప్రేక్షకులకు చూపే యాడ్ల గుంపులో) పెట్టాను. ఒక వీడియోకు లైకులు వెల్లువెత్తాయి గానీ ఆర్డర్లు రెండే వచ్చాయి. లైకులే లేని ఒక ఫొటోకు ఐదు వచ్చాయి. మరో రెండు యాడ్ల మీద అసలు డబ్బే ఖర్చు కాలేదు. ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: డబ్బు ఖర్చు కాని ఆ రెండు యాడ్లను పనికిరానివని అప్పుడే తీసిపారేయకండి. ఒకే యాడ్ సెట్‌లో అనేక యాడ్లు ఉన్నప్పుడు, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల మాతృసంస్థ) వ్యవస్థ మొదట్లో కనిపించిన కొద్దిపాటి స్పందనను బట్టి ఏదో ఒకదాని వైపు మొగ్గి, బడ్జెట్‌లో అధిక భాగాన్ని దానికే మళ్లిస్తుంది కాబట్టి, మిగిలినవి కొనేవారి కంట పడనే లేదు. మెటా యాడ్లను నడిపే యాడ్స్ మేనేజర్‌లోని ఏ/బీ టెస్ట్ సదుపాయమైతే ఒకే మనిషి రెండు గుంపుల్లోనూ పడకుండా ప్రేక్షకులను విడదీసి, ఒక్కో గుంపుకు ఒక్కో యాడ్‌ను చూపుతుంది. మీరు దానినే వాడాలి.

అసలు చిక్కు బడ్జెట్ దగ్గర ఉంది. మీ లెక్క ప్రకారం వారానికి 3,500 రూపాయలకు 14 ఆర్డర్లు వస్తాయి (యాడ్లపై పడే 18 శాతం జీఎస్టీని ఇందులో కలపలేదు). ఏడు యాడ్లకు పంచితే తలా రెండు. పోనీ, రెండే యాడ్లు పెట్టగా ఒకదానికి 9, రెండోదానికి 5 వచ్చాయనుకుందాం. చూడటానికి దాదాపు రెట్టింపు! అయితే ఒక నాణేన్ని 14 సార్లు ఎగరేస్తే, బొమ్మా బొరుసుల్లో ఏదో ఒకటి తొమ్మిది లేదా అంతకు మించి పడే అవకాశం నూటికి 42 వరకు ఉంటుంది. అంటే ఏ తేడా లేని రెండు యాడ్లు కూడా ఇలాంటి ఫలితాన్ని ఇట్టే చూపగలవు. అదే 11కు 3 అయితే ఆ అవకాశం నూటికి ఆరుకు పడిపోతుంది గనుక కొంత నమ్మవచ్చు. మీ ఐదుకు రెండు ఫలితాన్ని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను.

కాబట్టి ఒకసారికి రెండే యాడ్లు పెట్టి, కనీసం రెండు వారాలు, రెండింటినీ ఒకే సమయంలో నడపండి. సంక్రాంతి బొమ్మల కొలువు రోజుల్లో వచ్చే ఫలితం ఆ సీజనుకే చెల్లుతుంది. ఎర్ర నేపథ్యమా, నీలమా వంటి చిన్న తేడాలను ఇంత బడ్జెట్ పట్టుకోలేదు. తేడా పెద్దదై ఉండాలి. ఉదాహరణకు, ఒకటి తెల్లని నేపథ్యంలో లక్కపిడతల సెట్టు ఫొటో. రెండోది, తిరుగుతున్న అంకుడు కర్రకు కళాకారుడు లక్క కడ్డీని అదిమిపట్టగానే, ఆ రాపిడి వేడికి రంగు కరిగి కర్ర చుట్టూ పరుచుకునే పది సెకన్ల రీల్. రంగు పరుచుకునే క్షణం మొదటి రెండు సెకన్లలోనే రావాలి, లేకపోతే వేలు పైకి జరిపేస్తుంది. ధర, డిస్కౌంట్, రాత, తెరుచుకునే పేజీ రెండింటికీ ఒకటే ఉండాలి.

మధ్యలో యాడ్‌ను మార్చినా, బడ్జెట్‌ను బాగా పెంచినా లెర్నింగ్ దశ (యాడ్‌ను ఎవరికి చూపాలో మెటా నేర్చుకునే తొలి దశ) మళ్లీ మొదటికి వస్తుంది. ఆ దశ దాటడానికి వారానికి సుమారు 50 ఆర్డర్లు కావాలి. మీకు అన్ని రావు గనుక ‘లెర్నింగ్ లిమిటెడ్’ అని కనిపిస్తే కంగారుపడి ఏదీ కదిలించకండి. కొందరు ఆర్డరుకు బదులు కార్టులో వేయడాన్ని లక్ష్యంగా పెట్టుకోమంటారు. సంఖ్యలు త్వరగా పెరుగుతాయి, నిజమే. కానీ కార్టు నింపి కొనకుండా వెళ్లిపోయేవాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు.

క్యాష్ ఆన్ డెలివరీ విషయం మరవకండి. ఆర్డరు పెట్టిన క్షణంలోనే యాడ్స్ మేనేజర్ దాన్ని లెక్కిస్తుంది, పార్శిల్ తిరిగి వచ్చినా తీసివేయదు. ఒక్కో యాడ్‌కు వేరు వేరు యూటీఎం లింకు (ఏ యాడ్ నుంచి వచ్చారో తెలిపే గుర్తు ఉన్న లింకు) పెట్టి, ఏ ఆర్డరు దేని నుంచి వచ్చిందో రాసుకుని, డబ్బు చేతికొచ్చినవాటినే లెక్కపెట్టండి.

ఇక లైకులు వచ్చిన ఆ వీడియో అంటారా, మీ పేజీలో మామూలు పోస్టుగా ఉంచుకోండి. అలా ఉంచడానికి పైసా ఖర్చు లేదు.